మడత బండి

“కొంటే పిల్లకి ఆ మూడు చక్రాల బండే కొనాలి,” అన్నారు అత్తగారు. “దానికన్నా తక్కువది తోసుకుంటూ వాడి ముందుకు వెళ్తే నువ్వు ఓడిపోయినట్టే.”

“దాన్ని రైలెక్కించేదెవరు అత్తయ్యా?”

“డబ్బులిస్తే ఎవరైనా ఎక్కిస్తారు.”

“మరి మూడో అంతస్తుకి మోసేదెవరు? లిఫ్టు లేదని మైకు బాబాయి చెప్పాడుగా.”

ఆవిడ ఒక కుర్చీ లాగి, కాలితో తన్ని మడిచి, దొంతర మీదికి విసిరారు. గోడౌనంతా మోగింది. నా చంకలో ఉన్న మా పాప పిడుగు ఉలిక్కిపడి, ఏడవాలా వద్దా అన్నట్టు నా మొహం చూసింది. దానికి ఎనిమిది నెలలు. ఈ మధ్య ఏం చేయాలన్నా ముందు నా మొహమే చూస్తోంది.

మా ఇద్దరి మధ్య బల్ల మీద నా ఫోను, ఫోనులో ఫోటో. నిన్న సాయంత్రం నుంచి ఇంటిల్లిపాదీ ఆ ఫోటో చుట్టూనే తిరుగుతున్నాం.

మేము సభలకీ ఫంక్షన్లకీ కుర్చీలు, బల్లలు అద్దెకిస్తాం. మైకు బాబాయి మైకుసెట్టు అద్దెకిస్తాడు. పని మీద నగరానికి వెళ్లినవాడు అక్కడ రోడ్డు మీద వాళ్లబ్బాయిని చూశాడు. పలకరించకుండా ఫోటో తీశాడు. వెనకాలే నడిచి, ఏ మేడ మెట్లెక్కాడో కూడా చూసుకుని వచ్చాడు. ఆయన నోరు మైకు కన్నా పెద్దదని అందరూ తిట్టుకుంటారు గానీ నాకు మాత్రం చేతులెత్తి మొక్కాలనిపించింది.

వాళ్లబ్బాయి అంటే మా అత్తగారి కొడుకు, నా భర్తే. నిన్నటిదాకా ‘ఆయన’ అనేదాన్ని. ఫోటో చూశాక ఆ మాటకి నోరు రావడం లేదు.

ఫోటోలో వాళ్లబ్బాయి వెడల్పాటి ఫుట్‌పాత్ మీద నల్లటి పెద్ద బండి ఒకటి ఒంటిచేత్తో తోసుకుంటూ నవ్వుతున్నాడు. ముందు ఒక చక్రం, వెనక రెండు పెద్ద చక్రాలు. టాపు ముందుకి లాగి ఉండటంతో లోపలి పిల్ల మొహం కనిపించదు. ఎర్ర బూట్లు తొడిగిన రెండు కాళ్లు మాత్రం కనిపిస్తాయి. పక్కన ఆకుపచ్చ డ్రెస్సులో ఒకామె అటు తిరిగి నడుస్తోంది.

పిడుగు పుట్టిన రెండో నెలలో అతను నగరంలో ఉద్యోగమంటూ వెళ్లాడు. ఒకే గదిలో నలుగురం ఉంటున్నాం, మిమ్మల్ని తీసుకెళ్లే వీల్లేదు అన్నాడు. నమ్మాను. చంకలో పిల్లతో కుర్చీలు తుడవలేకపోతున్నాను, ఒక చిన్న బండి కొందామని ఫోనులో అడిగితే, “ఎత్తుకుంటే చేతులు అరిగిపోతాయా?” అన్నాడు. అదీ నమ్మాను. నిజంగానే నాకు ఓపిక తక్కువేమో అనుకున్నాను. ఆ మాట అన్నవాడు ఎవరి పిల్లనో నవ్వుకుంటూ తోస్తున్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కసి వచ్చింది.

మావగారు మాత్రం నిన్నటి నుంచీ నీళ్లు నములుతున్నారు. “ఫోటోదేముందమ్మా, ఎవరి పిల్లనో దారిలో రెండడుగులు తోసుంటాడు,” అని ఇప్పుడు కూడా ఒక మూల నుంచి నసిగారు.

“మీరు నోరు మూసుకుని మీ పని చూసుకోండి,” అన్నారు అత్తగారు. “దీని ఉసురు నాకు తగలకూడదు. వాడు నా కొడుకైతే మాత్రం? నలుగురిలో నిలబెట్టి కడిగేయాల్సిందే.”

నేను పెళ్లి చేసుకుని వచ్చి రెండేళ్లు కాలేదు. ఈ రెండేళ్లలో ఆవిడ నా తరఫున నోరు విప్పడం అదే మొదటిసారి. మనసు కరిగిపోయింది. మూడు చక్రాల బండి విషయంలో ఆవిడతో తగువు పెట్టుకున్నందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

మావగారు తల వంచుకుని, ఎడమ చెవి నలుపుకుంటూ వెళ్లిపోయారు. ఆ చెవి పైఅంచు కిందికి ఒంగి ఉంటుంది. వాళ్లబ్బాయిదీ అంతే, పిడుగుదీ అంతే. అది ఆ ఇంటి చెవి. మడత కుర్చీల కొంపలో పుట్టారు కాబట్టి చెవులు కూడా మడతపడ్డాయని మైకు బాబాయి అందరి ముందూ ఏడిపిస్తుంటాడు.

ఆ ఇంటి అలవాట్లు కూడా అలాంటివే. ఖాళీ కుర్చీ కనిపిస్తే మా మావగారి కాలు ఆగదు. ఒకసారి ఎవరింట్లోనో భోజనానికి వెళ్లి, పక్కాయన మంచినీళ్లకి లేచి వచ్చేలోగా ఆయన కుర్చీ మడిచి గోడకి ఆనించేశారు. పాపం, ఆయన గ్లాసు పట్టుకుని ఆ చుట్టుపక్కలంతా తన కుర్చీ కోసం వెతుక్కున్నాడు. అత్తగారి చేయి ఇంకా వేగం. పాదంతో వెనక కడ్డీ నొక్కి, వీపు పట్టుకుని ఒక్క లాగు లాగితే చాలు. నేనూ నేర్చుకున్నాను, వేళ్లు నాలుగైదు సార్లు నలగ్గొట్టుకున్నాక.

ఆ మధ్యాహ్నమంతా కుర్చీలు తుడిచాను. తుడిచిన కుర్చీలు వరసగా వేసి, మొదటి వరసలో వాళ్లబ్బాయి పనిచేసే చోటి యజమానిని కూర్చోబెట్టాను. పక్కన అతనితో పనిచేసేవాళ్లని, వెనక వరసలో ఆ మేడలో ఉండేవాళ్లని. చివరి కుర్చీలో ఆకుపచ్చ డ్రెస్సుని. అందరూ సర్దుకున్నాక పిల్లని ఎత్తి చూపించి, ఇది ఎవరి పిల్లో ఇతన్నే చెప్పమనండి అన్నాను. ఖాళీ కుర్చీలే అయినా నా గొంతు వణికింది. మళ్లీ అన్నాను. మూడోసారి వణకలేదు.

నాకు కావాల్సింది అదొక్కటే. ‘నా పిల్లే’ అని వాళ్లబ్బాయి తన నోటితో, పదిమందిలో, తలదించుకుని చెప్పాలి. ఆ తరవాత నాకు అతను అక్కర్లేదు.

*

పిల్లల సామాన్ల షాపులో పై అంతస్తంతా బండ్లే. అక్కడి అమ్మాయి మా ముగ్గురినీ చూసి, బండి రోజూ వాడటానికా, ప్రయాణానికా అని అడిగింది.

“ప్రయాణానికి. రైలు, మెట్లు. నేనొక్కదాన్నే పట్టుకోవాలి,” అన్నాను.

“నేను లేనా?” అన్నారు అత్తగారు.

“మీకు మోకాళ్లు కదా అత్తయ్యా.”

ఆవిడకి మోకాళ్ల నొప్పులు. రెండు మూడు నెలలకోసారి నగరంలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లి, నాలుగు రోజులు చెల్లెలింట్లో ఉండి వస్తారు. కొడుకుని కలిశారా అని అడిగితే, వాడికి తీరికెక్కడిది, ఫోనులోనే మాట్లాడాను అంటారు.

షాపు అమ్మాయి ముందు గొడుగులా మడిచే బండి చూపించింది. అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా చవక. కానీ వీపు వాలదు. పిడుగుని కూర్చోబెడితే మూటలా ఒక పక్కకి ఒరిగిపోయింది. ఇంకా ఎక్కువసేపు నిటారుగా కూర్చోలేని పిల్ల, రోజంతా ప్రయాణంలో అందులో ఎలా నిద్రపోతుంది?

రెండోది మడిస్తే చేతిసంచీ అంత అవుతుంది. ముచ్చటేసింది. ధర చీటీ తిప్పి చూసి, మర్యాదగా వెనక్కి తిప్పేశాను.

మూడోది మూలన ఉంది. నిరుటి రకం. ఆవపిండి రంగు. ఆ రంగు ఎవరికీ నచ్చక మిగిలిపోయిందని, అందుకే ధర తగ్గించామని ఆ అమ్మాయి ఉన్నమాట చెప్పింది. వీపు సగం దాకా వాలుతుంది. నడుముకీ భుజాలకీ పట్టీలున్నాయి. మడిస్తే తనంతట తను నిలబడుతుంది, భుజానికి తగిలించుకోవడానికి పట్టీ కూడా ఉంది. చక్రాలు మాత్రం చిన్నవి, గతుకుల్లో ఇరుక్కుంటాయట. హ్యాండిల్‌కి బరువు తగిలిస్తే వెనక్కి తిరగబడుతుందట.

నేను పిడుగుని ఎడమ చంకనేసుకుని, కుడిచేత్తో మడిచాను. తెరిచాను. మళ్లీ మడిచాను. పిల్లని దించకుండా, ఎవర్నీ సాయం అడగకుండా. భుజానికి తగిలించుకుని షాపు మెట్లు దిగి, ఎక్కి వచ్చాను. రొప్పు రాలేదు.

పైకి వచ్చేసరికి అత్తగారు కిటికీ పక్కన మూడు చక్రాల బండి ముందు నిలబడి ఉన్నారు. అచ్చం ఫోటోలోదే. నలుపు కూడా అదే నలుపు.

“ఇది మడవడం కొంచెం కష్టమండీ, ఉండండి చూపిస్తాను,” అంటూ షాపు అమ్మాయి వంగి, ఏదో మీట కోసం అటూ ఇటూ తడుముకుంటోంది. అత్తగారు ఆ అమ్మాయిని నెమ్మదిగా పక్కకి జరిపారు. పాదం వెనక ఇరుసు కిందికి పోనిచ్చి ఏదో నొక్కారు. రెండు పక్కలా పట్టుకుని ఒక్క ఊపు ఊపారు. అంత బండీ టక్కున ముడుచుకుంది.

“మీకు ముందే తెలుసా అండీ?” అంది ఆ అమ్మాయి ఆశ్చర్యంగా.

“మాది కుర్చీల వ్యాపారం తల్లీ,” అన్నారు అత్తగారు.

నాకు గర్వంగా అనిపించింది. మా అత్తగారి కాలికి తెలియని కీలు ఉండదు అని ఆ అమ్మాయితో అన్నాను కూడా. అత్తగారు నవ్వలేదు.

మడిచినా అది నా నడుము దాకా వచ్చింది. రైలు తలుపులో పట్టాలంటే ముందు చక్రం ఊడదీయాలట. ఎత్తబోతే ఒంటిచేత్తో కదల్లేదు.

“డబ్బు నేనిస్తాను. ఇదే తీసుకో,” అన్నారు అత్తగారు.

నేను నోరు తెరిచాను. ఒక స్క్రూ పోతే గోడౌనంతా ఊడ్పించి వెతికించే మనిషి ఆవిడ. ఆ ధర చూసి కూడా కళ్లార్పకుండా ఇస్తానంటున్నారు. కొడుకు మీద కోపం మనిషిని ఇంత మారుస్తుందా అనుకున్నాను.

“వద్దత్తయ్యా. ఇది తీసుకుంటే నేను మన గుమ్మం కూడా దాటలేను.”

“ఆ తవిటి రంగు బండిలో నా మనవరాలిని కూర్చోబెట్టుకుని వెళ్తావా? ఆ మనిషి చూసి నవ్వదూ?”

“నవ్వనివ్వండి. నేను అక్కడికి చేరితే కదా నవ్వేది.”

కుర్చీల గుడ్డలు కుట్టి దాచుకున్న నా సొంత డబ్బుతో ఆవపిండి రంగు బండి కొన్నాను. ఇంటికి వచ్చేదాకా ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

*

మాట్లాడకపోతే పోనీ, చూపించారు. ఇంటికి రాగానే తన బరువైన సంచీ తెచ్చి ఖాళీ బండి హ్యాండిల్‌కి తగిలించారు. బండి ముందు చక్రాలు గాల్లోకి లేచి, వెనక్కి వెల్లకిలా పడింది. సంచీలోని మందుసీసాలు నేల మీద దొర్లాయి.

“చూశావా? రేపు పిల్లతో సహా ఇలాగే పడుతుంది,” అన్నారు.

నేను బండి లేపి నిలబెట్టాను. సంచీ కింది బుట్టలో పెట్టాను. బండిని ఊపి చూపించాను. పడలేదు.

“హ్యాండిల్‌కి ఏదీ తగిలించను అత్తయ్యా. ఎవరి భారమూ తగిలించను.”

ఆవిడ మొహం మాడ్చుకున్నారు. సాయంత్రానికి కొత్త మాట మొదలైంది. ఇంకో వారం ఆగుదామన్నారు. మావగారికి ఒళ్లు వెచ్చగా ఉందన్నారు. నేను వెళ్లి చూస్తే మావగారు పెరట్లో పచ్చిబొప్పాయిలా నిక్షేపంగా ఉన్నారు. ఎవరో స్నానానికి వేసుకున్న ముక్కాలిపీట మడవడానికి ప్రయత్నిస్తున్నారు.

“మామయ్యా, మీకు జ్వరమా?” అన్నాను.

“నాకా? ఎవరన్నారు?” అని, లోపల అత్తగారి గొంతు విని, “ఆ, కొంచెం ఉన్నట్టే ఉందమ్మా,” అన్నారు.

అప్పుడు కూడా నాకు అనుమానం రాలేదు. కొడుకు కదా, ఎంత కోపమున్నా చివరి నిమిషంలో పేగు లాగుతోంది అనుకున్నాను. జాలిపడ్డాను కూడా. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

మర్నాడు పొద్దున్న రైలుకే టికెట్లు తీసుకున్నాను. నేను కూడా వస్తానని అత్తగారు పట్టుబట్టారు. కాదనలేదు. సాక్షికి ఇంకో మనిషి ఉంటే మంచిదే అనుకున్నాను.

రైల్లో బండి నా పరువు నిలబెట్టింది. ఇరుకు తలుపులో పక్కకి తిప్పితే దూరిపోయింది. సీటు కింద పట్టకపోతే పైన సామాన్ల చోట పెట్టాను. దారి పొడుగునా పిడుగు కిటికీకి ముక్కు ఆనించి, గాజు మీద ఉమ్మితో బొమ్మలు గీసింది. ఎదురుగా కూర్చున్న ఒకావిడ బండి ఎక్కడ కొన్నారని అడిగింది. రంగు బాగుందని అబద్ధం కూడా ఆడింది.

అత్తగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఒకటి రెండుసార్లు ఫోను తీసి, నేను చూడగానే లోపల పెట్టేసుకున్నారు.

నగరం స్టేషన్లో దిగగానే ఆవిడ మోకాళ్లు పట్టేశాయన్నారు. ఒక గంట విశ్రాంతి గదిలో కూర్చుందాం, మొహం కడుక్కుని తీరిగ్గా వెళ్దాం అన్నారు. సరేనని కూర్చోబెట్టాను. మొహం కడుక్కోవడానికి వెళ్లారు. తువ్వాలు బెంచీ మీదే వదిలేసి, ఫోను మాత్రం పట్టుకుని వెళ్లారు.

ఎంతసేపటికీ రాలేదు. ఎదురుగా బయటికి వెళ్లే దారి కనిపిస్తోంది. పిడుగు నిద్ర లేచింది. నా లోపల రెండు రోజుల నుంచి ఉడుకుతున్నది ఇక ఆగనంది.

నిన్నటిదాకా అయితే కూర్చునేదాన్నే. పిల్ల, సంచీ, ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప కదల్లేని బతుకు. ఇప్పుడు ఒక్క చేత్తో బండి తెరిచాను. పిల్లని కూర్చోబెట్టి పట్టీలు పెట్టాను. సంచీ కింద పడేశాను. ‘నేను ముందు వెళ్తున్నాను, మీరు నెమ్మదిగా రండి’ అని అత్తగారికి మెసేజ్ పెట్టి, దొరికిన మొదటి టాక్సీ ఎక్కేశాను.

*

మైకు బాబాయి చెప్పిన గుర్తులన్నీ సరిపోయాయి. కింద మందుల షాపు, పక్కన ఇరుకు గుమ్మం, లోపల మెట్లు.

గుమ్మం ముందు ఒక వ్యాను ఆగి ఉంది. ఒకామె డ్రైవరుతో గొడవపడుతోంది. సామానంతా పట్టాల్సిందే, బండి కూడా పట్టాల్సిందే అంటోంది. నన్ను చూసి పక్కకి తప్పుకుని, నేను పిల్లని చంకనేసుకుని బండి మడుస్తుంటే, తలుపు మూసుకోకుండా పట్టుకుంది.

“మీది ఎంత హాయిగా ఉందండీ,” అంది. “మాది కిందికి దించాలంటే మూడంతస్తులూ ప్రాణం పోతుంది. మా అత్తగారు ముచ్చటపడి కొనిచ్చారు. వద్దనలేకపోయాం.”

అత్తగార్లకి మోసే బాధ ఏం తెలుస్తుందిలెండి అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మంచి మనిషిలా ఉంది అనుకున్నాను. బండి భుజానికి తగిలించుకుని మెట్లెక్కాను. నా మనసంతా పైన తలుపు కొట్టాక అనాల్సిన మొదటి మాట మీదే ఉంది.

రెండో అంతస్తు మలుపు దగ్గర కాలు ఆగిపోయింది. మూడంతస్తులు అంది. ఫోటోలో ఆమె మొహం కనిపించలేదు. డ్రెస్సు మాత్రమే చూశాను. మనిషి రోజూ ఒకే డ్రెస్సు వేసుకుంటుందా?

ఆమెతో కలిసి నవ్వాను. మిగిలిన మెట్లు ఎలా ఎక్కానో తెలీదు.

పైన ఒకే ఒక్క తలుపు, ఓరగా తెరిచి ఉంది. గోడ పక్కన రెండు పెట్టెలు, తాళ్లతో కట్టిన ఒక పరుపు చుట్ట. వాటి మధ్య మూడు చక్రాల బండి. ఇంతమంది ఉన్నా దాన్ని దించలేక అక్కడే వదిలేసినట్టున్నారు. లోపల ఎవరో సామాను ఈడుస్తున్న చప్పుడు.

పారిపోతున్నారు. మేం వస్తున్నట్టు వీళ్లకి ఎవరు చెప్పారు?

బండిలో ఎర్ర బూట్లు ఊగుతున్నాయి. టాపు వెనక్కి తీసి ఉంది. అందులో ఉన్నది పాలు తాగే పిల్ల కాదు. పట్టీల మధ్య చక్కగా కూర్చుని, బిస్కట్టు తింటూ, నన్నూ పిడుగునీ పరీక్షగా చూస్తోంది.

“పాప నీదేనా?” అంది.

మాటలు స్పష్టంగా వస్తున్నాయి. రెండున్నరేళ్లకి తక్కువ ఉండదు. ఉక్కపోతకి జుట్టంతా పైకి ఎత్తి కట్టారు. నేను జవాబు చెప్పబోయి ఆ పిల్ల చెవి చూశాను. ఎడమ చెవి. పైఅంచు కిందికి ఒంగి ఉంది.

పిడుగు చెవి వైపు చూసుకున్నాను. మళ్లీ ఆ పిల్ల చెవి వైపు చూశాను.

ఎవరి పిల్లనో తోస్తున్నాడనుకున్నాను. ఎవరి పిల్లో కాదు. నా పెళ్లికి ముందే పుట్టిన పిల్ల. ఖాళీ కుర్చీల ముందు నేను నేర్చుకున్న మాటలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి.

కింద మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఎవరో గబగబా ఎక్కుతున్నారు. రెండేసి మెట్లు దాటుతున్నట్టున్నారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి అడుగులు కావవి.

అత్తగారు మలుపు తిరిగి పైకి వచ్చారు. నన్ను చూశారు. బండిని చూశారు. గోడ పట్టుకున్నారు.

బండిలో పిల్ల బిస్కట్టు వదిలేసి రెండు చేతులూ చాపింది.

“నానమ్మా, మేం ఊరెళ్తున్నాం. నాన్న పెద్ద పెట్టె తెస్తున్నాడు.”

ఆవిడ చేతులు వాటంతటవే సగం దాకా లేచి, మళ్లీ కిందికి దిగిపోయాయి.

షాపులో ఆ పాదం ఇరుసు కిందికి ఎలా పోయిందో నాకు కళ్ల ముందు కనిపించింది. వెతుక్కోలేదు. తడుముకోలేదు. అది కుర్చీల కాలు కాదు, ఈ బండికి అలవాటు పడిన కాలు. డబ్బు నేనిస్తాను అన్నదీ అందుకే. ఆ బరువు నా మెడకి కట్టేస్తే నేను ఇల్లు కదలనని. వాడిని నలుగురిలో కడిగేయాలని గోడౌన్లో నాకన్నా గట్టిగా అరిచింది ఈ నోరే. నా పిల్లకి చిన్న బండి కావాలని ఫోనులో అడిగితే, విని కూడా కిక్కురుమనకుండా ఊరుకున్నదీ ఈ నోరే.

రెండు రోజులుగా నా కసి అంతా ఒకరి మీదే పెట్టుకుని వచ్చాను. దాన్ని ఇద్దరికి పంచాలని అప్పుడే తెలిసింది. పెద్ద వాటా ఎవరికో కూడా తెలిసింది.

ఆవిడ ఏదో చెప్పబోయారు. “అమ్మాయ్, నేను...” అని ఆగిపోయారు. నేను సాయం చేయలేదు.

భుజం మీది బండి దించాను. ఒక్క చేత్తో తెరిచాను. పిడుగుని కూర్చోబెట్టి పట్టీలు బిగించాను. బండిని తలుపుకి అడ్డంగా పెట్టి, కాలితో బ్రేకు నొక్కాను. ఒక పక్క గోడ, ఒక పక్క మూడు చక్రాల బండి, మధ్యలో మాది. లోపలి మనిషి బయటికి రావాలంటే ఒక పిల్లనైనా పక్కకి నెట్టాలి.

“షాపులో భలే మడిచారు అత్తయ్యా,” అన్నాను. నా గొంతు వణకలేదు. “ఇప్పుడు ఆ పిల్లని దించి, ఈ బండి కూడా మడిచి చూపించండి. మీ అబ్బాయికి దారి కావాలిగా.”

లోపల ఈడుస్తున్న చప్పుడు ఆగింది.

“అమ్మా, నువ్వా?” వాళ్లబ్బాయి గొంతు. “దాన్ని స్టేషన్లో కూర్చోబెట్టానన్నావు కదా. నువ్వెందుకొచ్చావు?”

అత్తగారు కళ్లు మూసుకున్నారు.

“చెప్పండి,” అన్నాను. “ఎవరొచ్చారో మీ నోటితోనే చెప్పండి.”

నా పిల్ల ఆ పిల్ల బూట్లు అందుకోవాలని పట్టీల్లోంచి ముందుకి ఒంగుతోంది. ఆ పిల్ల తన కాలు కొంచెం దగ్గరికి చాపింది. పిడుగు బూటు లేసు పట్టుకుని కిలకిలా నవ్వింది.

“నాన్నా,” అని లోపలికి కేకేసింది ఆ పిల్ల, “పాప వచ్చింది.”

లోపల ఏదో బరువైనది నేల మీద పడింది. కింద ఎక్కడో ఆకుపచ్చ డ్రెస్సు మనిషి, వ్యాను డ్రైవరు ఒప్పుకున్నాడని చెబుతూ మెట్లెక్కి వస్తోంది.

నేను బ్రేకు మీది నుంచి కాలు తీయలేదు.